తోక చెప్పే సంగతి



పాత యుద్ధవిమానాల నంబర్లు వెతకడం నాకు సరదా. మన విక్రాంత్ నౌక మీది సీ హాక్‌నే తీసుకోండి. రూపకల్పన హాకర్ కంపెనీది. వాళ్లు హంటర్ విమానాల పనిలో ఉండటంతో, ఎక్కువ భాగం ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ తయారుచేసింది. మన నౌకాదళం కొన్ని కొత్తవి కొంది, కొన్ని బ్రిటిష్ నౌకాదళం వాడినవి, తర్వాత పశ్చిమ జర్మనీ వాడినవి. దేశం మారినప్పుడల్లా నంబరూ మారింది.

రంగు వేస్తే పాత నంబరు మాయం. కానీ జర్మనీ కోసం చేసిన మార్క్ 100, 101 రకాలకు నిలువు తోక ఎత్తు ఎక్కువ. ఫొటోలో అది కనబడితే పుట్టుక తెలిసినట్టే. 101కి రెక్క కింద రాడార్ ఉండేది గానీ, నేను దాన్ని నమ్మను. తగిలించింది తీసేయొచ్చు కదా!

"ఎవరికి కావాలండీ ఇదంతా?" అంటుంది మా ఆవిడ. 1971 డిసెంబరు 4న సీ హాక్‌లు విక్రాంత్ మీంచి లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. నడిపినవాళ్లూ, డెక్కు మీద నట్లు బిగించినవాళ్లూ ఇప్పుడు బాగా పెద్దవాళ్లు. ప్రదర్శనకు పెట్టిన విమానం మీద తప్పు నంబరు రాస్తే, ఒకరి విమానం మరొకరిదైపోతుంది.

మీ ఇళ్లలో నౌకాదళంలో చేసినవాళ్ల ఆల్బమ్‌లుంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి. ఫొటో మసకైనా ఫరవాలేదు, తోక కనబడితే చాలు.