మెక్‌నమారా పద్దుల్లో స్త్రీలు
(కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచబ్యాంకు విధానాల గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. ఈరోజు ఆ బ్యాంకును 13 ఏళ్లు నడిపిన ఒక మనిషి గురించి చెప్తాను. రాబర్ట్ మెక్‌నమారా 1916లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. హార్వర్డ్‌లో అకౌంటింగ్ చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వైమానిక దళానికి గణాంకాలు కట్టాడు. ఫోర్డ్ కార్ల కంపెనీ అధ్యక్షుడయ్యాడు. 1961 నుంచి రక్షణమంత్రి. వియత్నాంలో చచ్చిన శత్రువులను లెక్కపెట్టి, యుద్ధం గెలుస్తున్నామని చెప్పుకున్న యంత్రాంగం ఆయనదే. అక్కడినుంచి 1968లో తిన్నగా ప్రపంచబ్యాంకుకి వచ్చాడు.

పేదరికం అన్న మాటను బ్యాంకులో గట్టిగా పలికించింది ఆయనే, అది దాచక్కర్లేదు. 1973లో నైరోబీలో చిన్నరైతుల పక్షాన మాట్లాడాడు. ఏటా ఇచ్చే అప్పులు సుమారు 100 కోట్ల డాలర్ల నుంచి 1981 నాటికి 1200 కోట్లకు చేరాయి.

మరి ఆ ఖాతాలో స్త్రీ ఏ పద్దు కింద ఉంది? జనాభా పద్దు కింద! అభివృద్ధికి జనాభా పెరుగుదలే పెద్ద అడ్డంకి అని 1969లోనే ప్రసంగించాడు. 1977లో స్త్రీల చదువు, హోదా పెరగాలన్నాడు. సంతోషమే. కానీ ఎందుకట? కాన్పులు తగ్గుతాయని. చదువు ఆమెకే కావాలి కదా అన్న ఆలోచన ఆ లెక్కలో ఇమడదు.

1976 నవంబరులో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, మన దేశం వచ్చి ప్రభుత్వ కుటుంబ నియంత్రణ పట్టుదలను మెచ్చుకున్నాడు. 1976-77లో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో 62 లక్షలు మగవాళ్లకే. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం ఓడిపోయింది. ఆ తర్వాత మగవాడి జోలికి పోవడానికి పాలకులు జంకారు. కత్తి మనవైపు తిరిగింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. భర్తలు చేయించుకున్నది ఒక శాతం కూడా లేదు. తెలంగాణలో 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రి క్యాంపులో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు.

ఇదంతా ఒక్క మెక్‌నమారా నెత్తిన వెయ్యను. టార్గెట్లు పెట్టడం మన అధికారులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వియత్నాం విషయంలో పొరబడ్డామని ఆయన 1995లో పుస్తకమే రాశాడు, 2009లో చనిపోయాడు. ఆ పుస్తకం బ్యాంకు కాలం జోలికి రాదు.

మీ మండలంలో క్యాంపు జరిగితే ఎంతమందికి చేశారన్న అంకె రాసి ఊరుకోకండి. పదోరోజున ఆమె ఇంటికి వెళ్లండి. కుట్లు ఎలా ఉన్నాయో, కూలికి మళ్లీ ఎప్పుడు వెళ్లిందో, అసలు ఆపరేషన్‌కి సరేనన్నది ఎవరో అడిగి రాసి పంపండి.