సిలికాను బ్యాటరీలు – మన పొదుపు సొమ్ము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన తాతముత్తాతలు ఈ సీమకు వచ్చి, చిన్న అంగళ్లతో నిలద్రొక్కుకొని, పైసా పైసా కూడబెట్టిరి. ఆ సొమ్ము నేడు క్రొత్త వ్యాపారముల వైపు మరలుచున్నది. విద్యుత్ కార్ల బ్యాటరీలకు సిలికాను పొడి తయారుచేయు విదేశ సంస్థలలో వాటాలు కొనవచ్చునా యని మనవారు పలువురు నన్నడిగిరి. నేను శాస్త్రజ్ఞుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన వర్తకుడను. అయినను సరకును పరీక్షించు రీతి యెల్లెడల నొక్కటియే గనుక నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదటిది గుణము. నేటి లిథియము బ్యాటరీలో ఆనోడు అను భాగము సాధారణముగా గ్రాఫైటు పొడితో చేయబడును. విద్యుత్తు నెక్కించునపుడు లిథియము వచ్చి చేరునది అందులోనే. గ్రాము గ్రాఫైటు 372 మిల్లీ ఆంపియర్ గంటలు పట్టును. గ్రాము సిలికాను సుమారు 3,600 పట్టును. దాదాపు పదిరెట్లు! ఈ అంకె అబద్ధము కాదు. కాని జనులు కొనునది పొడి కాదు, బ్యాటరీ. అందులోని కాథోడు, రాగి రేకు, ద్రావకము ఎప్పటివలెనే యుండును. అందుచేతనే అమెరికాలోని సీలా సంస్థ తన పొడివలన బ్యాటరీ శక్తి 20 శాతము పెరుగునని చెప్పుకొన్నది. అదియు మంచి లాభమే. అయితే మనము వెలకట్టవలసినది ఆ ఇరువదికే గాని పదిరెట్లకు కాదు.

రెండవది మన్నిక. లిథియము చేరినపుడు గ్రాఫైటు పదింట ఒక వంతు ఉబ్బును; సిలికాను ఉబ్బి మూడు నాలుగు రెట్లగును. రేణువులు పగులును. పగిలినచోట నెల్ల క్రొత్త పొర యేర్పడి లిథియమును మ్రింగును. ఇది మనకు తెలిసిన చక్రవడ్డీ లెక్కయే, తలక్రిందులుగా. తడవకు వేయింట ఒక వంతు పోయినచో, వేయి తడవలకు మిగులునది 37 శాతమే. పదివేలకు రెండు వంతులు మాత్రమే పోయినచో 82 శాతము మిగులును. కావున 99.9 శాతమను మాట విని మురియరాదు. వాడక ఊరక నుంచినను బ్యాటరీ క్షీణించును గనుక, ఎన్ని తడవలు, ఎన్ని యేండ్లు పరీక్షించిరో రెండును అడుగవలెను.

మూడవది ధర. కిలో ధర చూచి లాభము లేదు. కిలో సిలికాను మిశ్రమము అయిదు కిలోల గ్రాఫైటు పని చేయునేని, అయిదు రెట్ల వెల వరకు గిట్టును. గ్రాఫైటు వెల తగ్గిన కొలది ఆ వెసులుబాటు కుదించుకొనిపోవును.

నాలుగవది గిరాకి. సీలా 2011లో స్థాపితమయ్యెను. దాని సరకు మొట్టమొదట అంగడి కెక్కినది 2021లో, ముంజేతికి కట్టుకొను వూప్ పట్టీలో. పదేండ్లు! 2023లో చైనాలోని హానర్ సంస్థ తన ఫోనులో సిలికాను-కార్బను బ్యాటరీ నమర్చెను. ఫోను నాలుగేండ్లు మన్నిన చాలును; కారు పదేండ్లకు పైగా నడువవలెను. కావున ఫోనులో నెగ్గినది కారులోను నెగ్గినట్లు కాదు. 2022లో గ్రూప్14 సంస్థకు పోర్షె కంపెనీ ముందు నిలువగా 40 కోట్ల డాలర్ల పెట్టుబడి సమకూరెను. కాని పెట్టుబడి వచ్చుట వేరు, సరకు అమ్ముడగుట వేరు. అంతటి కంపెనీ పదింట తొమ్మిది పోగొట్టుకొనియు నిలువగలదు, మనము నిలువలేము. ఎన్ని టన్నులు పంపిరి, కొన్నవారు మరల కొనిరా అన్నదే మనకు గీటురాయి.

మనలో ఒక బంధువు కొన్నచో పదిమంది విచారింపకయే కొనుట వాడుక. ఐకమత్యము మంచిదే, గ్రుడ్డి నమ్మకము మంచిది కాదు. ఈ నాలుగు ప్రశ్నలకు అంకెలతో జవాబు రానిచో, చెప్పువాడు మేనల్లుడైనను ఆగుడు. వచ్చినను, పదేండ్ల వరకు అక్కరలేని సొమ్మే పెట్టుడు. పిల్ల పెండ్లి సొమ్మును, అంగడి మూలధనమును ముట్టకుడు. సిలికానుకు మంచి భవిష్యత్తు కలదనియే నా నమ్మకము. కాని అలుకగనే పండుగ కాదు గదా!