ఒకే పేరు, రెండు తరములు

తాత పేరు మనుమనికి పెట్టుట మన యిండ్లలో ఆచారము. పెట్టిన పిదప తాత గుణములు మనుమనికి వచ్చినవా యని ఇంటిల్లిపాదియు వెదకుటయు ఆచారమే. జపాను దేశపు హోండా సంస్థవారి ‘ఎన్.ఎస్.ఎక్స్.’ అను వేగపు కారు విషయమున లోకమట్లే వెదకినది. నేడా రెండు తరములను పోల్చి చూతము.

మొదటి కారు 1990లో విక్రయమునకు వచ్చినది. ఆనాడు ఇటలీ దేశపు వేగపు కార్లు సుందరములే గాని, నిత్యము నడుపుటకు మిక్కిలి ఓర్పు కావలెనని ప్రతీతి. ఉఎహారా షిగెరు నాయకత్వమున హోండా ఇంజనీర్లు వేరొక దారి త్రొక్కిరి. బలము పెంచుటకంటె ముందు బరువు తగ్గింపనెంచిరి. కారు దేహమును అల్యూమినియముతోను, ఇంజనులోని కనెక్టింగు రాడ్లను టైటానియముతోను చేసిరి. మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజనును డ్రైవరు వెనుక నుంచిరి. అది నిమిషమునకు 8,000 చుట్లు తిరిగి, సుమారు 270 గుర్రముల శక్తి నిచ్చెడిది. కారు బరువు సుమారు 1,370 కిలోలు. 1989లో ప్రఖ్యాత పందెగాడు అయర్టన్ సెన్నా సుజుకా బాటపై నమూనాను నడిపి, దేహము ఇంకను దృఢముగ నుండవలెననగా, వారట్లే దృఢపరచిరి.

2005లో దీని నిర్మాణమాగినది. అదే పేరుతో రెండవ తరము 2016లో వెలువడినది. అయితే ఇది నిర్మింపబడినది అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున. 3.5 లీటర్ల ఇంజనుకు రెండు టర్బోలు, మూడు విద్యుత్ మోటార్లు తోడైనవి. మొత్తము శక్తి 573 గుర్రములు. బరువు సుమారు 1,725 కిలోలు. తాతకంటె ఐదుగురు పెద్దమనుష్యుల బరువు హెచ్చు! అయినను టన్నుకింత యని శక్తిని లెక్కించిన, తాతకు 197, మనుమనికి 332. లెక్కలో మనుమనిదే గెలుపు.

మరి నడుపువాని మాటయేమి? రెండవ కారు ముందు చక్రములకు చెరియొక మోటారు కలదు. మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రమును ఒకటి ముందుకు త్రోయును. లోపలి చక్రమును వేరొకటి వెనుకకు పట్టును. కంటికి కనపడని మరియొక సారథి ప్రక్కన కూర్చుండి సగము పగ్గములు పట్టినట్లే. మొదటి దానిలోను చక్రము జారకుండ అరికట్టు సాధనము లేకపోలేదు. కాని మలుపును కొలుచుకొనుట, గేరు మార్చుట, తప్పినచో దిద్దుకొనుట చాలవరకు మనుష్యుని పనియే.

మాకు తోచినంతలో భేదమిచ్చటనే యున్నది. మొదటి తరమువారు నడుపువాని శ్రమను తొలగించి, పనిని మిగిల్చిరి. విశాలమైన చూపు, తేలికైన దేహము, నమ్మదగిన ఇంజను అందుకొరకే. రెండవ తరమువారు పనిలోను కొంత పాలు తీసికొనిరి. వేగము పెరిగినది, అపాయము తగ్గినది. చేతికి నేర్వవలసినది కూడ తగ్గినది.

రెండవ దాని నిర్మాణము 2022లో ముగిసినది. మనుమని నిందించుట మా యభిమతము కాదు. అతని సామర్థ్యము తాతకు లేదు. కాని యంత్రము మన కొరకు ఏ పని చేయవచ్చునో నిర్ణయించునపుడు, ఏ పని మనకే యుంచవలెనో యను ప్రశ్నను కూడ ప్రక్కనే పెట్టుకొనవలెను. ఇది కార్లకు మాత్రమే చెల్లు మాట కాదు.