ఖైరున్నీసా పుట్టింటి వైపు నుంచి



ఖైరతాబాదులో ఖైరున్నీసా అనగానే ఇక్కడి మసీదు, దాన్ని కట్టించిన కుతుబ్‌షాహీ ఆడపడుచు గుర్తుకొస్తారు. నేను చెప్పబోయేది ఆమె గురించి కాదు. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌ను నికా చేసుకున్న ఖైరున్నీసా గురించి. ఆమె 1813లో కన్నుమూసింది. అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు.

కోఠి మహిళా కళాశాలగా మనం ఎరిగిన రెసిడెన్సీ భవనాన్ని చూసినవాళ్ళంతా ఈ ప్రేమకథ చెబుతారు. విలియం డాల్రింపుల్ 2002లో రాసిన పుస్తకంతో అది ప్రపంచమంతా తెలిసింది. కానీ ఆ కథ చాలావరకు దొరల ఉత్తరాల మీద, గవర్నర్ జనరల్ వెల్లస్లీ కాలంలో కిర్క్‌పాట్రిక్ మీద నడిచిన విచారణ కాగితాల మీద నిలబడింది. ఒక ఆడమనిషి జీవితం మగవాడి ఉద్యోగానికి ముప్పు తెచ్చింది కనుక నమోదైంది. ఆ ముప్పు తొలగిపోయాక ఆమె కోసం కలం కదిలించినవాళ్ళు తక్కువ.

1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అదే ఏడాది అక్టోబరులో భర్త కలకత్తాలో చనిపోయాడు. తర్వాత ఆమె జీవితంలోకి వచ్చిన హెన్రీ రస్సెల్ మద్రాసులో మరొకరిని పెళ్ళాడాడు. స్వయానా బంధువైన దివాను మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగుపెట్టనివ్వలేదు. ఆ రోజులు ఆమె మచిలీపట్నంలో గడిపింది. మన తీరప్రాంత చరిత్రకారులు ఆ మచిలీపట్నం సంవత్సరాలను పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంది.

వంశవృక్షం గీసేటప్పుడు మనం తండ్రి, తాత, ముత్తాత అంటూ పైకి పోతాం. ఆడపిల్ల పెళ్ళితో ఆ కొమ్మ ఆగిపోతుంది. ఖైరున్నీసా కూతురినే చూడండి. హైదరాబాదులో సాహెబ్ బేగం. 1806లో లండన్‌లో బాప్తిస్మంతో కేథరిన్ కిర్క్‌పాట్రిక్. 1829లో పెళ్ళయ్యాక ఫిలిప్స్ దొరసాని. ఇంటిపేరు పట్టుకుని వెదికితే ఈ ముగ్గురూ ఒక్కరే అని తెలియదు.

ఆ ముగ్గురినీ కలిపింది అమ్మమ్మ. తల్లి పోయిన చాలా ఏళ్ళకు, 1840ల్లో, కేథరిన్‌కు హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసా జాడ దొరికింది. మనవరాలికి ఫార్సీ రాదు, అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ చెబితే మరొకరు ఫార్సీలో రాశారు, దాన్ని ఇంకొకరు ఇంగ్లీషులోకి మార్చారు. చనిపోయిన కూతురి జుట్టుపాయను ఆ ముసలావిడ మనవరాలికి పంపింది. విచారణ కాగితాలన్నీ కలిపినా ఆ ఇంటి ఆడవాళ్ళ గురించి ఇంత చెప్పవు.

అందుకే యువ పరిశోధకులను కోరుతున్నాను: రెసిడెంటు దగ్గర మొదలుపెట్టకండి, షరఫున్నీసా దగ్గర మొదలుపెట్టండి. ఫార్సీ నేర్చుకోండి. తార్నాక ఆర్కైవ్స్‌లో పాత దస్తావేజులున్నాయి, మచిలీపట్నం కంపెనీ కాగితాలు చెన్నైలో ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే పనికి తెలుగు విశ్వవిద్యాలయాలు ఫార్సీ వచ్చిన ఇద్దరు ముగ్గురు పరిశోధకులకు ఉపకారవేతనం ఇవ్వాలని ఈ వేదిక నుంచి ప్రతిపాదిస్తున్నాను. మధ్యాహ్నం సమావేశంలో దీన్ని తీర్మానంగా చర్చకు పెట్టవలసిందని కార్యదర్శిగారికి నా మనవి.