అందరూ ఎక్కగల గుమ్మం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నడవలేనివారు, చూపు లేనివారు, వృద్ధులు కూడా ఒకరి సాయం లేకుండా రాగల కట్టడాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. దీనిని సార్వత్రిక రూపకల్పన అంటున్నారు. అమెరికాలో రోనాల్డ్ మేస్ అనే ఆర్కిటెక్టు ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. చిన్నతనంలో పోలియో సోకి ఆయన చక్రాల కుర్చీలోనే తిరిగేవారు. 1997లో ఆయన బృందం ఏడు సూత్రాలు రాసింది. వాటి సారాంశం ఇది: వికలాంగులకు వెనకవైపు వేరే దారి పెట్టడం కాదు, అందరూ వచ్చే దారే అందరికీ పనికొచ్చేలా కట్టాలి.

ఇది మనకెందుకు అంటారా? మన ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలియనిది కాదు. డయాలసిస్ మీద ఉన్నవారు వారానికి రెండు మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు యంత్రం దగ్గర ఉండాలి. లేచి వచ్చేసరికి కాళ్లలో సత్తువ ఉండదు. లెక్కల్లో వారు వికలాంగులు కాకపోవచ్చు గానీ, నాలుగు మెట్లెక్కడం వారికి గగనమే. పక్కన వాలుదారి, పట్టుకోడానికి కమ్మీ ఉంటే వారికీ, బిడ్డనెత్తుకున్న తల్లికీ, జీడిపప్పు టిన్నులు మోసే కూలీకీ మేలే.

అయితే దీనికి హద్దులూ ఉన్నాయి. మొదటిది స్థలం. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు కావాలి; రెండడుగుల అరుగుకు 24 అడుగులు. ఇరుకు సందుల్లో అంత జాగా ఎక్కడిది? నిటారుగా కట్టేస్తే జారిపడతారు. రెండోది, ఒకరికి మేలైనది ఇంకొకరికి ఇబ్బంది కావచ్చు. గట్టు తీసేస్తే చక్రాల కుర్చీ సాఫీగా పోతుంది గానీ, కర్రతో తడుముకునే అంధుడికి ఆనవాలు పోతుంది. అంధుల కోసం 1967లో జపాన్‌లోని ఒకయామాలో కాలికి తగిలే బొడిపెల పలకలు పరిచారు. మూడోది ముఖ్యమైనది. గుమ్మం బాగుంటే చాలదు, గుమ్మం దాకా రావాలి గదా! 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, సంతోషం. తీరం ఊళ్ల నుంచి రోగి రావాలంటే బండి కావాలి, తోడు మనిషి కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటింది. అలాంటి రాత్రి మంచం పట్టిన మనిషిని షెల్టరుకు చేర్చాలంటే వాలుదారితోపాటు మోసేవాళ్లూ ఉండాలి.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో రూపొందించాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అది ప్రభుత్వం పని. మన చేతిలోని పని మనం చెయ్యాలి.

నా మనవి రెండే. ఇకమీదట షాదీఖానా గానీ, వజూ చేసుకునే చోటు గానీ, మనం ఏది కట్టినా ప్లాను గీసేటప్పుడే వాలుదారి, కమ్మీ, కూర్చునే పీట చేర్చాలి. కట్టాక పగలగొట్టి మార్చడం కంటే ఖర్చు తక్కువ. రెండోది, మన పేటల్లో కదల్లేనివారు, డయాలసిస్‌కు వెళ్లేవారు ఎవరెవరో ఇంటింటికీ వెళ్లి రాసుకుని, వారిని తీసుకువెళ్లడానికి యువకులు వంతులు వేసుకోవాలి. ఏం కావాలో ముందు వారినే అడగండి.