మన్యమునకు పంపిన బలగములు



ఎవరి స్మృత్యర్థము మనమిందు సమావేశమైతిమో, ఆ చరిత్రోపాధ్యాయులు తిరుగుబాటుల తేదీలను వల్లెవేయించుటకంటె వాని కారణములను విద్యార్థులచేత అన్వేషింపజేయుటయే తమ ధర్మమని విశ్వసించినవారు. కావున మన ఉత్తరాంధ్ర కొండలలోనికి ప్రభుత్వములు అదనపు బలగములను పంపిన రెండు సందర్భములను ఆ దృష్టితోనే పరిశీలింప దలచితిని.

మొదటిది 1922 నాటి మన్యం పితూరీ. 1882 నాటి మద్రాసు అటవీచట్టమువలన పోడుసాగు, వంటచెరకు, పశువుల మేత మున్నగు అనాది హక్కులు నేరములుగా మారగా, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వేయించుచున్న బాటలలో చాలీచాలని కూలికి చాకిరి చేయుచుండిన కొండజనులు అల్లూరి సీతారామరాజు వెంట నడచిరి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల తుపాకులు వారి వశమయ్యెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు అధికారులు నేలకూలిన పిమ్మట, స్థానిక పోలీసులు చాలరని మలబారు స్పెషల్ పోలీసులను, వారును చాలరని 1924 జనవరిలో కొండపోరునందు ఆరితేరిన అస్సాం రైఫిల్సును రప్పించిరి. ఆ సంవత్సరము మే 7న కొయ్యూరులో రాజు హతుడయ్యెను. పితూరీ అణగెను, అటవీచట్టము మాత్రము చెక్కుచెదరలేదు. గిరిజనుల భూములు అన్యుల పాలుగాకుండ కాపాడుటకు 1917లోనే ఒక ఏజెన్సీ చట్టము పుట్టియుండెను గాని, దానిని అమలుపరచుటలో సేనలను నడిపించిన త్వర ఏనాడును కానరాలేదు.

రెండవది, నాడు శ్రీకాకుళం జిల్లాలోనుండిన పార్వతీపురం ఏజెన్సీ కథ. సవరలు, జాతాపులు తరతరములుగా దున్నుకొనిన నేల మైదానపు సాహుకార్ల అప్పుపత్రముల క్రింద జారిపోవుచుండగా, ఆ నేలకు యజమానులైనవారే దానిపై పాలేరులైరి. ఉపాధ్యాయులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం గార్ల నాయకత్వమున గిరిజన సంఘము కూలిరేట్లకై, భూమికై నిలిచెను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచుండిన వారిపై లేవిడివద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న అను ఇరువురు మరణించిరి. 1968లో ఆ కేసు నిందితులు నిర్దోషులుగా విడుదలైరి. న్యాయస్థానముపై ఆశ సన్నగిల్లినచోట సాయుధ దళములు పుట్టి, భూస్వాములను, వడ్డీవ్యాపారులను హతమార్చసాగెను. 1969లో ప్రభుత్వము ఏజెన్సీని కల్లోలిత ప్రాంతముగా ప్రకటించి, రాష్ట్ర సాయుధ పోలీసులకు తోడుగ కేంద్ర రిజర్వు పోలీసు దళములను దింపెను. 1970 జులై 10న సత్యనారాయణ, కైలాసం గార్లు పోలీసుల చేతిలో మరణించుటతో ఉద్యమము వెన్ను విరిగెను.

ఇచట ఒక్క విషయమును మీరు సావధానముగా గమనింప ప్రార్థించెదను. షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధనము 1959లోనే వెలువడినను, దాని నియమావళి రూపొందుటకు 1969 వరకు పట్టెను. అనగా రిజర్వు పోలీసులును, భూచట్టపు నియమములును ఒకే సంవత్సరమున కొండలెక్కినవి. 1970 నాటి 1వ నిబంధనము, ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనుని నుండి సంక్రమించినదేయని భావింపవలెననియు, కాదని నిరూపించు భారము గిరిజనేతరునిదేయనియు నిర్దేశించెను. బలగములచేత అణచిన పక్షము కోరినదానిలో కొంత న్యాయమే యున్నదని శాసనము తానే అంగీకరించిన ఘట్టమది. ఆ న్యాయము పదేండ్లు ముందు వచ్చియుండిన యెడల ఎందరు కొండబిడ్డలు, ఎందరు పోలీసులు బ్రతికియుండెడివారో!

లోకానుభవమును ఇదియే. 2007లో ఇరాకునకు, 2009 చివర ఆఫ్ఘనిస్థానమునకు అమెరికా వేలకొలది అదనపు సైనికులను పంపెను. ఇరాకులో హింస కొంతకాలము తగ్గెను గాని, 2014లో మోసుల్ తీవ్రవాదుల పాలయ్యెను. 2021 ఆగస్టులో కాబూలు తాలిబానుల వశమయ్యెను. అదనపు సేన కొని తెచ్చునది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో పాలకుడు చేయు న్యాయమే శాంతి.

ప్రాణములను కాపాడుటకు బలగము అవసరమగు ఘడియలు కలవని నేనెరుగుదును. నిరాయుధుడైన గ్రామస్థుని రక్షింపలేని రాజ్యము రాజ్యమే కాదు. అయినను, బలగములు కావలెనని ఉత్తరము వ్రాసెడి అధికారి, తన మండలమున ఎన్ని భూవివాదములు తీర్పునకు నోచుకొనక పడియున్నవో, తీర్పు వచ్చియు ఎన్ని ఎకరములు గిరిజనునికి దఖలు పడలేదో ఆ ఉత్తరముననే వ్రాయవలెనని నా విన్నపము. ఆ లెక్కను అడిగెడి ప్రభుత్వమును, చెప్పించెడి పౌరులును ఉన్ననాడు, మన్యమునకు మరల సేనలను పంపవలసిన అగత్యము కలుగదు.