ఈ రోజుకు చాలినంత కృప



పదేళ్ళ క్రితం మన బ్యాచ్ కలిసినప్పుడు నేను ఇదే ఆవరణకు తాగి వచ్చాను. లెక్కల మాస్టారు ఒక్క మాట అనకుండా నన్ను ఆటో ఎక్కించి ఇంటిదాకా వచ్చారు. ఆ రాత్రి మోకరించి ఏడ్చాను.

ప్రార్థించగానే వ్యసనం పోలేదు. చేతుల వణుకుకు డాక్టరు దగ్గర చికిత్స తీసుకున్నాను. రెండుసార్లు మళ్ళీ పడిపోయాను. ప్రభువు నాకిచ్చింది తప్పు ఒప్పుకునే ధైర్యం. మా ఆవిడ గొలుసు అమ్మింది నేనేనని చెప్పి క్షమాపణ అడిగాను.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్‌కు మళ్ళీ తాగాలనిపించింది. హోటల్ నుంచి ఒక పాస్టరుకు ఫోన్ చేసి, తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అడిగాడు. అలా డాక్టర్ బాబ్ పరిచయమయ్యాడు. ఇద్దరికీ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసంతో సంబంధం ఉంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా మొదలైంది. ఆ కూటాల్లోనే నేనూ నిలబడ్డాను. ఇప్పటికి ఏడేళ్ళు.

మనలో ఎవరికైనా ఈ బాధ ఉంటే సిగ్గుపడకండి, అర్ధరాత్రయినా నన్ను పిలవండి.

మాస్టారూ, ఈ సాయంత్రం మిమ్మల్ని ఇంటి దగ్గర దింపేది నేనే.